కట్టెల స్టవ్‌కు బ్లోయర్ ఫ్యాను పెట్టిస్తే వెనక గదులు వెచ్చబడతాయా?

బ్రాడీపేట మాస్టారు, గుంటూరు (ప్రశ్న)

గుంటూరు ఎండల్లో బతికే మనకు ఇంట్లోని వేడిని బయటకు తోలే ఫ్యాన్లతోనే పని గానీ, వేడిని గదిగదికీ పంచే ఫ్యాన్లతో పని పడదు కనుక ఈ ప్రశ్న కొందరికి వింతగా తోచవచ్చు. మా అమ్మాయి, అల్లుడు అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో ఒక చిన్న ఊళ్లో రెండంతస్తుల పాత ఇల్లు కొనుక్కున్నారు. చలికాలంలో అక్కడ రాత్రిపూట మైనస్ 20 డిగ్రీల సెల్సియస్‌కు దిగడం మామూలేనట. ఆయిలుతో నడిచే ఫర్నేసు, దాని వేడిగాలిని గదులకు చేర్చే రేకు గొట్టాలు ఇంట్లో ఉన్నప్పటికీ, ఆయిలు ఖర్చుకు వెనుకాడి హాల్లో ఉన్న ఇనుప కట్టెల స్టవ్‌నే ఎక్కువగా వాడుతున్నారు.

చిక్కు ఏమిటంటే, స్టవ్ మండుతున్నప్పుడు హాల్లో 27 డిగ్రీలు ఉండి ఉక్కగా అనిపిస్తుంది, అదే సమయంలో నడవా చివరనున్న పడకగదిలో 15 డిగ్రీలు దాటదు. డిసెంబరులో నేనూ మా ఆవిడా వెళ్తే ఉండవలసింది ఆ గదిలోనే, ఆవిడకేమో మోకాళ్ల నొప్పులు. స్టవ్ వెనక బ్లోయర్ బిగించడానికి కంపెనీ వారు రంధ్రాలు వదిలిపెట్టారు గానీ బ్లోయర్ విడిగా కొనుక్కోవాలి. కరెంటు లేకుండా స్టవ్ పైన పెడితే దానంతట అదే తిరిగే చిన్న ఫ్యాను కూడా ఒకటి ఉందని అల్లుడు చెబుతున్నాడు. ఇవి నిజంగా పనిచేస్తాయా? కంపెనీ బ్లోయర్ ఖరీదు ఎక్కువగా ఉంది కాబట్టి విజయవాడ ఆటోనగర్‌లో అలాంటిది ఒకటి చేయించి సామానులో తీసుకువెళ్లవచ్చా?

మరో సంగతి కూడా చెప్పాలి. స్టవ్ తలుపుకున్న అద్దం రెండు మూడు రోజులకే నల్లగా మసిబారుతోందని, కట్టె చివర్ల నుంచి నురగ వచ్చి చిటచిటలాడుతోందని అమ్మాయి అంటోంది. దీనికీ ఫ్యానుకూ సంబంధం ఉందో లేదో నాకు తెలియదు.

పటమట, విజయవాడ

మాస్టారూ, నేను ఉద్యోగరీత్యా చాలా ఏళ్లు అమెరికాలోని మెయిన్ (Maine) రాష్ట్రంలో ఉండి, అక్కడి ఇంటిని ఎక్కువగా కట్టెల స్టవ్‌తోనే వెచ్చబెట్టుకుని, పదవీ విరమణ తరువాత పటమటకు తిరిగి వచ్చినవాణ్ని. మీరు చివర్లో చేర్చిన సంగతి నుంచే మొదలుపెడతాను, ఎందుకంటే మీ ప్రశ్నలో అసలైన భాగం అదే.

అద్దం అంత త్వరగా నల్లబడటం, కట్టె చివర నురగ రావడం పచ్చి కట్టెల లక్షణం. అప్పుడే కొట్టిన చెట్టులో బరువులో సగం వరకూ నీరే ఉండవచ్చు, స్టవ్‌లో వేసే కట్టెలో అది 20 శాతం లోపు ఉండాలి. పది కిలోల కట్టెలో 40 శాతం తేమ ఉంటే అందులో నాలుగు కిలోల నీరు ఉన్నట్టు, ఆ నీటిని ఆవిరి చేయడానికే రెండున్నర యూనిట్ల కరెంటుకు సమానమైన వేడి ఖర్చయిపోతుంది. అంతకంటే పెద్ద నష్టం మరొకటుంది. మంట చల్లగా ఉండటం వల్ల కట్టె నుంచి వచ్చే పొగ పూర్తిగా కాలకుండా పొగగొట్టంలోకి పోయి, అక్కడ గోడలకు తారులాగా పేరుకుంటుంది. క్రియోసోట్ అనే ఈ జిగురు మసి ఏదో ఒక రోజు అంటుకుంటే పొగగొట్టం లోపలే మంట లేస్తుంది. ఆ దేశంలో కట్టెల స్టవ్ ఉన్న ప్రతి ఇంటివారికీ ఉండే భయం ఇదే, ఏడాదికొకసారి పొగగొట్టం శుభ్రం చేయించడం కూడా ఇందుకే.

ఇప్పుడు ఫ్యాను సంగతి. బ్లోయర్ కొత్తగా వేడిని పుట్టించదు, స్టవ్ వెనకనో కిందనో ఉండి గది గాలిని లాక్కుని, లోపలి పెట్టెకూ బయటి రేకుకూ మధ్యనున్న సందు గుండా తోసి ముందుకు వదులుతుంది. ఇనుప గోడ మీద గాలి వేగంగా పారితే, చిమ్నీ గుండా పోవలసిన వేడిలో కొంత గదిలోకి వస్తుంది. ఆ మేరకు లాభం ఉంది గానీ, అది స్టవ్ బాగా కాగిన తరువాత మాత్రమే. నిప్పు రాజేస్తున్న మొదటి అరగంటలోనూ, మంట ఆరి నిప్పులు బూడిదవుతున్న వేళలోనూ బ్లోయర్ తిరిగితే అది పెట్టెను చల్లబరిచి, మళ్లీ ఆ క్రియోసోట్‌నే పెంచుతుంది. మంచి బ్లోయర్లకు సుమారు 45 డిగ్రీల దగ్గర దానంతట అదే ఆన్ అయి, చల్లబడితే ఆగిపోయే చిన్న థర్మోస్టాట్ స్విచ్ ఉంటుంది. అది లేని బ్లోయర్ కొనవద్దని అల్లుడుగారికి చెప్పండి.

పచ్చి కట్టెలతో కుములుతున్న స్టవ్‌కు ఈ లెక్కన బ్లోయర్ పెడితే మేలు కంటే కీడే ఎక్కువ. ముందు కట్టెలు, తరువాత ఫ్యాను.

అన్నట్టు, మీరు చెప్పిన 27, 15 డిగ్రీలను చూస్తే స్టవ్‌లో వేడికి లోటు లేదని, అది నడవా దాటడం లేదని అర్థమవుతుంది. స్టవ్‌కు బిగించిన బ్లోయర్ హాల్లోని గాలిని హాల్లోనే తిప్పుతుంది, నడవా చివరి గదికి అది చేసే సాయం తక్కువ. నేను మెయిన్‌లో చేసిన ఉపాయం, అక్కడివారందరూ చేసేదీ, ఇందుకు విరుద్ధంగా కనిపిస్తుంది. చల్లని గదిలో, గుమ్మం దగ్గర, నేల మీద ఒక చిన్న టేబుల్ ఫ్యాను పెట్టి దాని ముఖాన్ని స్టవ్ వైపు తిప్పి తక్కువ వేగంతో నడపాలి. చల్లని గాలి బరువైనది కనుక నేలబారున హాల్లోకి సులభంగా పోతుంది, అది ఖాళీ చేసిన చోటును నింపడానికి వెచ్చని గాలి గుమ్మం పైభాగం నుంచి గదిలోకి వస్తుంది. స్టవ్ దగ్గర ఫ్యాను పెట్టి వేడిని గదిలోకి తోయాలని చూస్తే, ఎదురుగా వచ్చే చల్లగాలితో అది పోట్లాడవలసి వస్తుంది. గుమ్మం పై అంచుకు ఒక దారం ముక్క కట్టి చూడమనండి, గాలి ఎటు పోతోందో దారమే చూపిస్తుంది. ఇందుకు కొత్తగా ఏమీ కొననక్కరలేదు కాబట్టి ఈ రాత్రికే చేసి చూడవచ్చు.

ఆటోనగర్, విజయవాడ

అయ్యా, నాది ఆటోనగర్‌లో ఫ్యాబ్రికేషన్ షెడ్డు. కొలిములకూ, పెళ్లి వంటల పెద్ద పొయ్యిలకూ బ్లోయర్లు బిగించడం మా పనిలో భాగం కాబట్టి మీ చివరి ప్రశ్నకు నేను సమాధానం చెప్పగలను: చేయించి తీసుకువెళ్లవద్దు. డబ్బు ఇస్తామంటే మా వాళ్లు చేసి ఇస్తారు, ఆ సంగతి వేరు.

మొదటి కారణం కరెంటు. మనకు వచ్చేది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అక్కడ గోడ ప్లగ్గులో వచ్చేది 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ఇలాంటి చిన్న ఇండక్షన్ మోటారుకు వోల్టేజి సగానికి పడిపోతే తిప్పే బలం సుమారు నాలుగో వంతుకు పడిపోతుంది, తిరగలేక మూలుగుతూ వైండింగు వేడెక్కుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వోల్టేజి పెంచినా హెర్ట్జ్ మారదు కాబట్టి ఆ మోటారు ఇక్కడికంటే వేగంగా తిరిగి ఎక్కువ చప్పుడు చేస్తుంది. పడకగదికి దగ్గరగా అది ఎవరికీ ఇష్టం ఉండదు.

రెండో కారణం ఇంతకంటే ముఖ్యమైనది. ఇక్కడ మాకు బ్లోయర్ అని చెబితే, మా కుర్రవాళ్లు నిప్పులోకి గాలి కొట్టేదే చేస్తారు, ఎందుకంటే కొలిమికి కావలసింది అదే. మీ స్టవ్‌కు కావలసింది మంటతో ఏ సంబంధమూ లేకుండా బయటి రేకును తడుముతూ పోయే గాలి. పొరపాటున కొలిమి రకం బ్లోయర్‌ను ఆ పెట్టె లోపలికి కొట్టిస్తే రెండు ప్రమాదాలున్నాయి. ఒకటి, మంట మితిమీరి పెట్టె పోతపోసిన ఇనుమైతే పగులుతుంది, రేకు అయితే ఎర్రగా కాలి వంకర పోతుంది. రెండోది, తలుపు మూసిన స్టవ్ లోపల గాలి ఒత్తిడి గదిలోకంటే కొద్దిగా తక్కువగా ఉండబట్టే పొగంతా గొట్టంలోకి పోతుంది. బ్లోయర్‌తో లోపల ఒత్తిడి పెంచితే ప్రతి సందు నుంచీ పొగ, దానితోపాటు కార్బన్ మోనాక్సైడ్ గదిలోకి వస్తాయి. ఆ వాయువుకు రంగూ వాసనా ఉండవు. తలుపులు బిగించుకుని బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకున్నవారు తెల్లారేసరికి లేవలేదన్న వార్తలు మన దగ్గరా చదువుతూనే ఉంటాము. ఫ్యానుతోనే నిప్పుకు గాలి అందించే పెల్లెట్ స్టవ్‌లు (రంపపు పొట్టును అదిమి చేసిన చిన్న గుళికలను కాల్చేవి) అక్కడ ఉన్నాయి, అయితే వాటిని మొదటి నుంచీ అందుకోసమే తయారు చేస్తారు.

కంపెనీ బ్లోయర్ ఖరీదైనా దానినే కొనమనండి. ఆ స్టవ్‌తో కలిపి పరీక్షించినది కాబట్టి, రేపు ఏదైనా జరిగితే బీమా వారితో వాదించే అవసరం ఉండదు.

ఇక్కడి నుంచి పొగగొట్టం ముక్కలేవైనా పట్టుకెళ్దామన్న ఆలోచన ఉంటే, అందులో జీఐ పైపు మాత్రం వద్దు. దాని మీదున్న జింకు పూత ఎక్కువ వేడికి పాడయి, విషపు పొగ వదులుతుంది.

టంగుటూరు, ప్రస్తుతం గుంటూరు

మాది ప్రకాశం జిల్లాలో వర్జీనియా పొగాకు పండించే కుటుంబం. పటమట వారు చెప్పిన నేలబారు గాలి సంగతి చదవగానే పొగాకు ఆకును వేడితో ఎండబెట్టే మా బ్యారన్లు గుర్తుకు వచ్చాయి. బ్యారన్‌లో పొయ్యి గోడకు బయటి వైపు ఉంటుంది, మంట వేడి నేల మీద పరచిన ఇనుప గొట్టాల గుండా గదంతా తిరిగి, పొగ మాత్రం చిమ్నీ నుంచి బయటకు పోతుంది. ఆకుకు తగిలేది గొట్టాల వేడే తప్ప పొగ కాదు. మొదట ఆకు పసుపు రంగుకు తిరిగే దశలో 35 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి, చివరకు ఈనె ఎండే దశలో 70 డిగ్రీల దాకా తీసుకుపోయే ఈ పని అంతా, పాత బ్యారన్లలో ఒక్క ఫ్యాను కూడా లేకుండా, గోడ కింది కిటికీలూ కప్పు దగ్గరి వెంటిలేటర్లూ తెరిచీ మూసీ నడిపేవారు. కింద చల్లగాలికి దారి, పైన వేడిగాలికి దారి ఉంటే చాలు, గాలి దానంతట అదే నడుస్తుంది.

మీ అమ్మాయి ఇంట్లో ఆ పడకగది తలుపు రాత్రి మూసి పడుకుంటారా? మూస్తే ఎంత మంచి ఫ్యాను పెట్టినా లాభం లేదు. తలుపు కింద సందుతో పాటు తలుపు పైన గోడలో ఒక జాలీ ఉంటేనే గాలి తిరుగుతుంది. అయితే అక్కడి ఇళ్లలో గోడకు రంధ్రం చేసే ముందు అగ్నిమాపక నియమాలు చూసుకోవాలని విన్నాను, ఆ విషయం పటమట వారే చెప్పాలి.

బ్రాడీపేట మాస్టారు, గుంటూరు

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఆటోనగర్ ఆలోచన మానుకున్నాను. నేల మీద ఫ్యాను ఉపాయం నిన్న రాత్రే అమ్మాయికి చెప్పాను. తెల్లవారేసరికి ఆ గది 15 నుంచి 18 డిగ్రీలకు వచ్చిందట, తలుపు తెరిచే ఉంచారట. ఇంకా కొన్ని సందేహాలున్నాయి. ఆయిలు ఫర్నేసును మండించకుండా దాని ఫ్యాను ఒక్కటే నడిపి, హాల్లోని వేడిగాలిని రేకు గొట్టాల ద్వారా అన్ని గదులకూ పంపవచ్చు కదా అని అల్లుడు అడుగుతున్నాడు. స్టవ్ మీద పెట్టే ఆ కరెంటు అక్కరలేని ఫ్యాను గురించి ఎవరూ చెప్పలేదు. మా పాలిటెక్నిక్ అలవాటు కొద్దీ మరొకటి అడుగుతున్నాను: బ్లోయర్ నిజంగా ఎంత వేడిని మోస్తుందో లెక్క ఏమైనా ఉందా?

పటమట, విజయవాడ

లెక్క సులభమే మాస్టారూ. ఇలాంటి బ్లోయర్ గంటకు 200 ఘనపు మీటర్ల గాలిని తోస్తుందనుకుందాం. ఘనపు మీటరు గాలి బరువు సుమారు 1.2 కిలోలు, కిలో గాలిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు ఒక కిలోజౌల్ కావాలి. స్టవ్ సందు గుండా పోయిన గాలి 40 డిగ్రీలు వేడెక్కి బయటకు వస్తే, గంటకు 9,600 కిలోజౌళ్లు, అంటే సుమారు 2.7 కిలోవాట్లు మోసినట్టు. ఇక అవతలి వైపు చూడండి. 20 శాతం తేమ ఉన్న కిలో కట్టెలో సుమారు నాలుగు యూనిట్ల వేడి ఉంటుంది. మంచి స్టవ్ అందులో మూడింట రెండు వంతులు ఇంటికి ఇస్తుందనుకుంటే, గంటకు కిలో కట్టె కాల్చినప్పుడు దక్కేది కూడా ఇంచుమించు 2.7 కిలోవాట్లే. స్టవ్ ఒంటి నుంచి ఎదురుగా కూర్చున్నవారికి సూటిగా తగిలే వేడి కూడా అందులోంచే పోవాలి. గంటకు కిలో కట్టె కాలుస్తూ బ్లోయర్‌ను పూర్తి వేగంతో తిప్పితే బయటకు వచ్చే గాలి గోరువెచ్చగానే ఉంటుంది, స్టవ్ మాత్రం చల్లబడుతుంది. వేగం తగ్గించే మీట ఉన్న బ్లోయర్ కొనడం, దానిని తక్కువలోనే ఉంచడం మంచిది. పొగగొట్టానికి అతుక్కునే అయస్కాంతపు థర్మామీటరు ఒకటి దొరుకుతుంది. ఒకే పొర రేకుతో చేసిన గొట్టం పైన అది 120 నుంచి 240 డిగ్రీల మధ్య చూపిస్తున్నంతసేపూ బ్లోయర్ నడపవచ్చు, 120కి దిగుతుంటే ఆపాలి.

ఫర్నేసు ఫ్యాను ఆలోచన చాలామందికి వస్తుంది, చాలామందికి నిరాశే మిగులుతుంది. ఆ గొట్టాలు ఇంటి కింద నేలమాళిగలాంటి చల్లని బేస్‌మెంటు గుండా పోతాయి. ఫర్నేసు ఇచ్చే గాలి బాగా వేడిగా ఉంటుంది గనుక దారిలో కొంత పోయినా తెలియదు, హాల్లోంచి లాగిన 27 డిగ్రీల గాలి మాత్రం పడకగదికి చేరేసరికి చల్లగాలిగా మారి మీద పడుతుంది. పైగా ఆ ఫ్యాను గాలిని లాక్కునే జాలీ స్టవ్‌కు 10 అడుగుల లోపు ఉండకూడదని అక్కడి నియమం. దగ్గరగా ఉంటే అది స్టవ్‌లోని పొగను కూడా వెనక్కి లాగి ఇల్లంతా పంచగలదు. వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాను, బట్టలు ఆరబెట్టే డ్రయ్యరు కూడా ఇంట్లోంచి గాలిని బయటకు తోలేవే కాబట్టి, కిటికీలన్నీ బిగించిన ఇంట్లో అవి నడుస్తున్నప్పుడు స్టవ్ తలుపు తెరవవద్దని చెప్పండి. ప్రతి అంతస్తులోనూ, మీరు పడుకునే గది దగ్గరా కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరిగా ఉండాలి. గోడలో జాలీ పెట్టడానికి అక్కడి నియమాలు ఊరినిబట్టి మారతాయి కనుక స్థానిక అధికారిని అడిగాకే పెట్టాలి. తలుపు తెరిచి పడుకోవడం అంతకంటే సులభం.

ఆటోనగర్, విజయవాడ

కరెంటు అక్కరలేని ఫ్యాను గురించి నేను చెబుతాను. దాని అడుగు భాగం స్టవ్ వేడికి కాగుతుంది, పైనున్న రెక్కల దిమ్మె గాలికి చల్లగా ఉంటుంది, ఆ రెండింటి మధ్య ఇరికించిన చిన్న బిళ్ల ఆ వేడి తేడా నుంచే కాస్త కరెంటు పుట్టించి మోటారును తిప్పుతుంది. ఈ సూత్రాన్ని సీబెక్ 1821లో కనిపెట్టాడు. పరికరం చూడముచ్చటగా ఉంటుంది, తిరుగుతుంటే పిల్లలకు సరదా కూడా. కానీ ఆ మోటారు శక్తి ఒకటి రెండు వాట్లకు మించదు. హాలు దాటి నడవా చివరికి గాలి పంపడం దాని వల్ల అయ్యే పని కాదని నా అభిప్రాయం.

పటమట, విజయవాడ

ఆటోనగర్ వారితో ఇక్కడ పూర్తిగా ఏకీభవించను. మంచు తుపానుల్లో ఆ ప్రాంతంలో కరెంటు తరచుగా పోతుంది. బ్లోయర్ ఆగినా ఆ స్టవ్ తన ఒంటి వేడితో హాలును వెచ్చగా ఉంచుతుంది గానీ, అటువంటి రాత్రి కప్పు కింద పోగుపడిన వేడిని కాస్త కిందికి దించడానికి ఆ చిన్న ఫ్యాను ఉపయోగపడుతుంది. నడవా చివరి గదికి అది చాలదన్న మాట నిజమే. కొంటే స్టవ్ పైభాగంలో వెనక అంచున పెట్టాలి, ముందుభాగంలో పెడితే దాని వెనక ఉన్నదంతా వేడి గాలే కాబట్టి రెక్కల దిమ్మె చల్లబడక నెమ్మదిగా తిరుగుతుంది. ఉన్న డబ్బుతో రెండింటిలో ఏదో ఒకటే కొనగలిగితే మాత్రం నేను బ్లోయర్‌ వైపే ఉంటాను.

ఇంకొక చిన్న పని. స్టవ్ తలుపు చుట్టూ సందు మూయడానికి ఉండే గ్యాస్కెట్ తాడు పాతబడితే గాలి అనవసరంగా లోపలికి పోయి మంట చేతిలో ఉండదు. తలుపు అంచున ఒక కాగితం ముక్క పెట్టి మూసి లాగి చూడమనండి. తేలికగా జారి వస్తే ఆ చోట తాడు అరిగిపోయినట్టే.

బ్రాడీపేట మాస్టారు, గుంటూరు

చివరి సందేహం. పెరట్లో ఓక్ కట్టెలు పెద్ద దొంతి ఉన్నాయి. అమ్మినవాడు ఎండినవేనని చెప్పాడట. అవి నిజంగా ఎండాయో లేదో తెలుసుకునేదెలా? ఎండకపోతే ఈ చలికాలం గడిచేదెలా?

పటమట, విజయవాడ

తేమ కొలిచే చిన్న మీటరు అక్కడి హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరుకుతుంది, దానికి రెండు సూదులుంటాయి. కట్టె బయటి ముఖం మీద గుచ్చి చూస్తే ఎప్పుడూ ఎండినట్టే చూపించి మోసం చేస్తుంది. ఒక కట్టెను ఇంట్లోకి తెచ్చి, గది వేడికి వచ్చాక గొడ్డలితో మధ్యకు చీల్చి, కొత్తగా తెరుచుకున్న ముఖం మీద సూదులు గుచ్చాలి. దొంతి పైనుంచి ఒకటి, మధ్య నుంచి ఒకటి, అడుగు నుంచి ఒకటి తీసి చూస్తే సరిపోతుంది. 20 లోపు వస్తే నిశ్చింతగా కాల్చవచ్చు.

మీరు చెప్పిన నురగను బట్టి అంతకంటే చాలా ఎక్కువే వస్తుందని నా అనుమానం, ఎందుకంటే ఓక్ చీల్చి పేర్చిన తరువాత కూడా ఎండటానికి రెండేళ్లు పడుతుంది. అలా అయితే ఆ దొంతిని పైన మాత్రం రేకు కప్పి, పక్కల గాలి ఆడేలా వదిలి, రెండేళ్ల తరువాతి చలికాలానికి ఉంచుకోమనండి. ఈ ఏడాదికి బట్టీలో ఎండబెట్టిన కట్టెలు గానీ, రంపపు పొట్టును గట్టిగా అదిమి చేసిన ఇటుకలు గానీ కొనుక్కోవచ్చు. ఇటుకలు బాగా ఎండినవి కావడం వల్ల చాలా వేడిగా మండుతాయి కనుక పెట్టె నిండా వేయకుండా, కంపెనీ పుస్తకంలో వాటిని కాల్చవచ్చని ఉందో లేదో చూసుకుని, రెండు మూడు చొప్పున మొదలుపెట్టాలి. పొగగొట్టాన్ని మాత్రం మీరు విమానం ఎక్కేలోపే తోమించమనండి, ఇప్పటిదాకా కాల్చిన పచ్చి కట్టెల మసి అంతా అందులోనే ఉంటుంది.